డ్యూయల్ బూట్‌లో జీపాడర్: డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒక్కటే మారిస్తే సరిపోదు

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనక్స్ రెండూ పెట్టుకుని, పాడ్‌కాస్ట్‌లు దించుకుని వినే అలవాటున్న వాళ్ళకి ఈ తలనొప్పి తెలిసే ఉంటుంది. రాత్రి విండోస్‌లో దించుకున్న ఎపిసోడ్ పొద్దున లైనక్స్‌లోకి వెళ్తే కనపడదు, మళ్ళీ దించాలి, సగం విన్నది ఏదో అసలు విననిది ఏదో రెండు చోట్లా రెండు లెక్కలు. 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే గంట ఎపిసోడ్ దాదాపు 58 ఎంబీ పడుతుంది, అలాంటివి 100 ఉంటే 5.8 జీబీ దాకా వెళ్తుంది, అదే సరుకు రెండు ఓఎస్‌లలో రెండు కాపీలుగా ఉందంటే చిన్న ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్ళకి అది చిన్న విషయం కాదు.

నేను చాలా ఏళ్ళుగా జీపాడర్ వాడుతున్నా, రెండు వైపులా అదే. థామస్ పెర్ల్ 2005లో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ యాప్ ఇది, పైథాన్‌లో రాసింది, విండోస్‌కీ లైనక్స్‌కీ రెండిటికీ దొరుకుతుంది. చూడ్డానికి పాతకాలం యాప్‌లా ఉంటుంది, ఎడమ పక్క పాడ్‌కాస్ట్‌ల లిస్టు, కుడి పక్క ఎపిసోడ్‌లు, అంతే. కానీ డ్యూయల్ బూట్ వాళ్ళకి ఇంతకంటే పనికొచ్చే యాప్ నాకైతే కనపడలేదు, ఎందుకంటే ఇది దించిన ఫైళ్ళని ఏదో దాచిపెట్టిన క్యాష్‌లో అర్థంకాని నంబర్ల పేర్లతో పెట్టదు, ఒక్కో పాడ్‌కాస్ట్‌కి దాని పేరుతోనే ఒక ఫోల్డర్, అందులో మామూలు ఆడియో ఫైళ్ళు, ఏ ప్లేయర్‌లో కావాలంటే ఆ ప్లేయర్‌లో తెరుచుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. ప్రిఫరెన్సెస్ అంతా వెతికినా ‘డౌన్‌లోడ్ ఫోల్డర్ మార్చు’ అనే బటన్ దొరకదు. ఫోల్డర్ మార్చాలంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టాలి, అంటే యాప్ మొదలైనప్పుడు చదువుకునేలా ఓఎస్‌లో ఒక పేరుతో పెట్టే విలువ. అలాంటివి రెండున్నాయి, ఒకటి జీపాడర్ హోమ్, రెండోది జీపాడర్ డౌన్‌లోడ్ డిర్, టైప్ చేసేటప్పుడు అన్నీ క్యాపిటల్ లెటర్లు, పదాల మధ్య స్పేస్ బదులు అండర్‌స్కోర్. రెండోది కేవలం ఆడియో ఫైళ్ళు ఎక్కడ పడాలో చెప్తుంది. మొదటిది మొత్తం ఇల్లు మారుస్తుంది, అంటే డేటాబేస్ ఫైలు, సెట్టింగ్స్ ఫైలు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మూడూ కలిపి. ఏమీ పెట్టకపోతే లైనక్స్‌లో మన హోమ్ ఫోల్డర్ లోపల, విండోస్‌లో డాక్యుమెంట్స్ లోపల జీపాడర్ పేరుతో ఫోల్డర్ చేసుకుంటుంది. విండోస్‌లో డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ని క్లౌడ్ బ్యాకప్‌కి ఇచ్చిన వాళ్ళయితే ఈ ఒక్క కారణానికే దాన్ని అక్కణ్ణించి మార్చెయ్యాలి, లేకపోతే దించిన ప్రతి ఎపిసోడూ మళ్ళీ పైకి అప్‌లోడ్ అవుతూ కూర్చుంటుంది.

చాలామంది చేసేది ఏంటంటే రెండు ఓఎస్‌లకీ అందే కామన్ పార్టిషన్‌లో, అంటే డిస్క్‌లో వేరుచేసిన భాగంలో, ఒక ఫోల్డర్ చేసి రెండు ఓఎస్‌లలోనూ డౌన్‌లోడ్ డిర్ ఒక్కటే అటు తిప్పేస్తారు. ఫైళ్ళు ఒక చోటే ఉన్నాయి కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ ఇన్నాళ్ళు వాడాక నేను గట్టిగా చెప్పేది ఇదే, అలా చెయ్యకండి, జీపాడర్ హోమ్ మొత్తం మార్చండి. కారణం జీపాడర్ పనిచేసే పద్ధతిలోనే ఉంది. ఏ ఎపిసోడ్ దించాం, ఏది విన్నాం, ఏది తీసేశాం అన్నది డేటాబేస్‌లో రాసుకుంటుంది, అది ఎస్‌క్యూలైట్ ఫైలు. ఫోల్డర్ చెక్ చేసేటప్పుడు డేటాబేస్‌లో ‘దించింది’ అని ఉన్న ఎపిసోడ్‌కి డిస్క్ మీద ఫైలు కనపడకపోతే, యూజరే బయటనుంచి తీసేశాడు అనుకుని దాన్ని డిలీటెడ్‌గా మార్చేస్తుంది. మామూలు కంప్యూటర్‌లో అది తెలివైన పనే, ఫైల్ మేనేజర్‌లో చెత్త తీసేస్తే యాప్‌లో కూడా పోతుంది. డ్యూయల్ బూట్‌లో మాత్రం ఇదే ప్రమాదం. డేటాబేస్ లైనక్స్ హోమ్‌లో ఉండి, ఫైళ్ళు కామన్ పార్టిషన్‌లో ఉండి, ఆ రోజు పార్టిషన్ మౌంట్ అవ్వలేదనుకోండి, అంటే లైనక్స్‌కి జతపడలేదనుకోండి, ఒక్క ఫైలూ కనపడదు కాబట్టి మొత్తం లిస్టు డిలీటెడ్ అయిపోతుంది. ఫైళ్ళు పార్టిషన్‌లో భద్రంగానే ఉంటాయి, కానీ యాప్ లెక్కలో లేవు.

హోమ్ మొత్తం అక్కడే ఉంటే ఆ బాధ లేదు. పార్టిషన్ లేకపోతే డేటాబేస్ కూడా లేదు, అంటే తప్పుడు రాత రాయడానికి పుస్తకమే చేతిలో ఉండదు. పైగా రెండు వైపులా ఒకే డేటాబేస్ కాబట్టి విండోస్‌లో విన్నది లైనక్స్‌లో కూడా విన్నట్టే చూపిస్తుంది, కొత్త పాడ్‌కాస్ట్ ఒక వైపు కలిపితే రెండో వైపూ వచ్చేస్తుంది. ఇది ఎలా సాధ్యం అంటే డేటాబేస్‌లో జీపాడర్ పూర్తి పాత్ (ఫైలు ఉన్న చోటి చిరునామా) రాసుకోదు, పాడ్‌కాస్ట్ ఫోల్డర్ పేరు, ఫైలు పేరు మాత్రమే రాసుకుంటుంది, ముందున్న భాగం యాప్ మొదలైనప్పుడు హోమ్‌ని బట్టి కలుపుకుంటుంది. అందుకే విండోస్‌లో డీ డ్రైవ్ అన్నా, లైనక్స్‌లో ఎంఎన్‌టీ కింద డేటా అన్నా దానికి ఒకటే. పూర్తి పాత్ రాసుకునే యాప్‌లలో ఈ పని జరగదు, బ్యాక్‌స్లాష్ పాత్‌ని లైనక్స్ అర్థం చేసుకోదు కదా.

ఇక కామన్ పార్టిషన్ ఏ ఫార్మాట్‌లో ఉండాలి అనేది. లైనక్స్ మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ని విండోస్ తనంతట తాను చదవదు, ఫ్యాట్32 లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ఆడియోకి పర్లేదు గానీ వీడియో పాడ్‌కాస్ట్‌లకి ఎప్పుడైనా అడ్డు రావచ్చు. మిగిలింది విండోస్ సొంత ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్, ఇంకా ఎక్స్‌ఫ్యాట్. ఎక్స్‌ఫ్యాట్ తేలిక, కానీ దానికి జర్నలింగ్ (మార్పుల్ని ముందే చిట్టాలో రాసుకునే పద్ధతి) లేదు, డేటాబేస్‌కి రాస్తున్న టైములో కరెంటు పోతే ఫైల్ సిస్టమే దెబ్బతినే అవకాశం ఎక్కువ, సిమ్‌లింకులు (ఇంకో చోటి ఫోల్డర్‌కి దారి చూపే లింకులు) కూడా ఉండవు. నేను ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టుకున్నా, ఇన్నాళ్ళూ దాని మీదే నడుస్తోంది. లైనక్స్‌లో దీనికి పాత డ్రైవర్ ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ ఉంది, 2021లో వచ్చిన 5.15 కెర్నల్ నుంచి లోపలే ఎన్‌టీఎఫ్‌ఎస్3 అనే డ్రైవర్ కూడా ఉంది. పాడ్‌కాస్ట్ ఫైళ్ళకి వేగం పెద్ద లెక్కలోది కాదు కాబట్టి ఏది వాడినా ఒకటే అని నా అభిప్రాయం.

వేగం కంటే వెయ్యి రెట్లు ముఖ్యమైంది ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి ఇది ఉంది. షట్ డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా ఆగిపోదు, కెర్నల్ భాగాన్ని డిస్క్ మీద దాచుకుని పడుకుంటుంది, దాంతో పాటు మౌంట్ అయి ఉన్న పార్టిషన్ల సమాచారం కూడా సగం దాని దగ్గరే ఉండిపోతుంది. తర్వాత లైనక్స్‌లోకి వస్తే ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ ఏమంటుందంటే, మెటాడేటా విండోస్ క్యాష్‌లో ఉంది, మౌంట్ చెయ్యను అంటుంది, లేదా చదవడానికి మాత్రమే అనుమతిస్తుంది. రీడ్ ఓన్లీగా మౌంట్ అయితే జీపాడర్ డేటాబేస్‌లో ఒక్క గీత కూడా రాయలేదు, కొత్త ఎపిసోడ్ దించలేదు. జనం ఇక్కడ జీపాడర్ పాడైంది అనుకుని అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తుంటారు, యాప్‌కి దీనికి ఏ సంబంధమూ లేదు. విండోస్ పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసెయ్యడం ఒక దారి, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో హైబర్నేషన్ (మెమరీ అంతా డిస్క్ మీద దాచుకుని పడుకోవడం) మొత్తం ఆఫ్ చెయ్యడం ఇంకో దారి, నేను రెండోదే చెప్తా, ఎందుకంటే టిక్ తీసినా హైబర్నేట్ మాత్రం మిగిలే ఉంటుంది, విండోస్‌లో జీపాడర్ తెరిచి ఉండగా హైబర్నేట్ చేసి, లైనక్స్‌లోకి వచ్చి అదే డేటాబేస్ మార్చి, మళ్ళీ విండోస్ లేపితే అది తన మెమరీలో ఉన్న పాత సంగతులతో ముందుకెళ్తుంది, డేటాబేస్ చెడటానికి అంతకంటే దగ్గర దారి లేదు. ఇంకో చిన్న విషయం, రీస్టార్ట్ నొక్కితే విండోస్ పూర్తిగానే ఆగుతుంది, షట్ డౌన్‌కే ఈ గొడవ, అందుకే కొందరికి ఒకరోజు పనిచేసి ఇంకోరోజు పనిచెయ్యనట్టు కనిపిస్తుంది. విండోస్ పెద్ద అప్‌డేట్ పడ్డాక ఒకసారి ఈ సెట్టింగ్ చూసుకోవడం మంచిది.

ఎక్స్‌ఫ్యాట్ అయితే ఈ గొడవే లేదు కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. విండోస్ సగం పడుకున్నా లైనక్స్ దాన్ని గుర్తుపట్టకుండా రాయనిచ్చేస్తుంది, అంటే హెచ్చరిక లేకుండా పాడవుతుంది. అడ్డుపడే ఎన్‌టీఎఫ్‌ఎస్సే నయం.

లైనక్స్ వైపు మౌంట్ గురించి. ఫైల్ మేనేజర్‌లో డ్రైవ్ మీద క్లిక్ చేస్తే మౌంట్ అవుతుంది, నిజమే, కానీ క్లిక్ చేసేదాకా అవ్వదు, జీపాడర్ దానికంటే ముందు తెరిస్తే హోమ్ కనపడదు. కాబట్టి బూట్ అయ్యేటప్పుడు ఏవి మౌంట్ చెయ్యాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో లైన్ రాసుకోవాల్సిందే. బీఎల్‌కేఐడీ కమాండ్ ఇచ్చి పార్టిషన్ యూయూఐడీ (దాని మారని గుర్తింపు సంఖ్య) తీసుకుని దాంతో రాయండి, ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లతో వద్దు, అవి మారుతుంటాయి. అదే లైన్‌లో ఇచ్చే యూఐడీ, జీఐడీ మీ యూజర్, గ్రూప్ నంబర్లు, చాలా సిస్టమ్‌లలో మొదటి యూజర్‌కి 1000 ఉంటుంది. నోఫెయిల్ అనే ఆప్షన్ మర్చిపోవద్దు, అది లేకపోతే ఏదో కారణానికి పార్టిషన్ మౌంట్ కాని రోజు లైనక్స్ బూట్ మధ్యలో ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది, పాడ్‌కాస్ట్‌ల కోసం అంత అవసరమా. ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ వాడేవాళ్ళు విండోస్ నేమ్స్ ఆప్షన్ కూడా కలపండి, కోలన్, ప్రశ్నార్థకం లాంటివి ఉన్న ఫైలు పేర్లు విండోస్ ఒప్పుకోదు, లైనక్స్ ఒప్పుకుంటుంది, ఈ ఆప్షన్ ఉంటే అలాంటి పేరుతో ఫైలు పుట్టకుండానే ఆపుతుంది.

నోఫెయిల్ పెట్టాక ఇంకో ప్రశ్న వస్తుంది, పార్టిషన్ మౌంట్ కాకుండానే లైనక్స్ లేచింది, మనం చూసుకోకుండా జీపాడర్ తెరిచాం, అప్పుడేంటి? మౌంట్ పాయింట్‌గా పెట్టిన ఖాళీ ఫోల్డర్ రూట్ (లైనక్స్ అడ్మిన్) పేరు మీద ఉంటే మామూలు యూజర్‌కి అందులో రాసే హక్కు లేదు, జీపాడర్ అక్కడ ఏమీ సృష్టించలేదు, మనకి వెంటనే తెలిసిపోతుంది. అదే ఆ ఖాళీ ఫోల్డర్‌ని యజమానిని మార్చే చౌన్ కమాండ్ కొట్టి మన పేరు మీదకి మార్చుకుని ఉంటే, యాప్ నిశ్శబ్దంగా అక్కడే కొత్త డేటాబేస్ చేసుకుని మొదటిసారి తెరిచినట్టు ఖాళీ లిస్టు చూపిస్తుంది, తర్వాత పార్టిషన్ మౌంట్ అయితే ఆ కొత్తది దాని కింద కప్పబడిపోతుంది, మధ్యలో దించినవి రూట్ డిస్క్‌లో ఎవరికీ కనపడకుండా జాగా తింటుంటాయి. చాలా చోట్ల సలహాగా చౌన్ చెయ్యమని రాస్తుంటారు, మౌంట్ అవ్వకముందు మాత్రం చెయ్యకండి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో హక్కులు మౌంట్ ఆప్షన్లతో వస్తాయి, చౌన్‌తో పనే లేదు.

వేరియబుల్ ఎక్కడ పెట్టాలి అన్న దగ్గర లైనక్స్‌లో చాలామంది తడబడతారు. టెర్మినల్ సెట్టింగ్స్ ఫైలు బ్యాష్ఆర్‌సీలో ఎక్స్‌పోర్ట్ రాస్తే టెర్మినల్ నుంచి జీపాడర్ తెరిచినప్పుడే అది అందుతుంది, మెనూలో ఐకాన్ నొక్కి తెరిస్తే అందదు, అప్పుడు పాత హోమ్ తెరుచుకుంటుంది, ఇక చూడండి, ఒకే ఓఎస్‌లో రెండు లిస్టులు. నాకు నచ్చిన పద్ధతి మెనూ ఎంట్రీ డెస్క్‌టాప్ ఫైలుని మన హోమ్‌లోని లోకల్ షేర్ అప్లికేషన్స్ ఫోల్డర్‌కి కాపీ చేసుకుని, ఎగ్జెక్ లైన్‌లో ముందు ఈఎన్‌వీ అని పెట్టి వేరియబుల్ అక్కడే ఇచ్చెయ్యడం. అప్‌డేట్ వచ్చినా మన కాపీ చెక్కుచెదరదు. ఇదంతా ఎందుకు అనుకునేవాళ్ళకి ఇంకా సులువైన దారి ఉంది, వేరియబుల్ జోలికే పోకుండా పాత జీపాడర్ ఫోల్డర్ ఉన్నచోట అదే పేరుతో కామన్ పార్టిషన్‌లోని ఫోల్డర్‌కి సిమ్‌లింక్ పెట్టెయ్యడం. మెనూలో తెరిచినా టెర్మినల్‌లో తెరిచినా ఒకటే దారి. పార్టిషన్ లేని రోజు లింకు గాల్లో వేలాడుతుంది కాబట్టి దాని మీద కొత్త ఫోల్డర్ పుట్టదు, అది కూడా మనకి మేలే. ఇప్పుడు కొత్తగా ఎవరైనా అడిగితే నేను ఇదే చెప్తున్నా.

జీపాడర్‌ని ఫ్లాట్‌ప్యాక్ అనే ప్యాకేజీగా ఇన్‌స్టాల్ చేసుకున్న వాళ్ళు ఇంకో మెట్టు ఎక్కాలి, అది శాండ్‌బాక్స్ (మిగతా సిస్టమ్‌కి దూరంగా ఉంచే గోడ) లోపల నడుస్తుంది కాబట్టి వేరియబుల్ ఇచ్చినా ఆ పార్టిషన్ దానికి కనపడకపోవచ్చు. ఫ్లాట్‌ప్యాక్ ఓవర్‌రైడ్‌తో ఫైల్‌సిస్టమ్ అనుమతి, వేరియబుల్ రెండూ ఇవ్వాలి.

విండోస్ వైపు పని తక్కువ. స్టార్ట్ మెనూలో ఎన్విరాన్‌మెంట్ అని వెతికితే యూజర్ వేరియబుల్స్ పెట్టే విండో వస్తుంది, అక్కడ జీపాడర్ హోమ్ పేరుతో కొత్తది కలిపి ఫోల్డర్ పాత్ ఇచ్చి, జీపాడర్ మూసి మళ్ళీ తెరవాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ పార్టిషన్‌కి ఒక డ్రైవ్ లెటర్ ఖాయం చేసేసుకోండి, పీ లాంటి దూరపు అక్షరం అయితే పెన్‌డ్రైవ్‌లు దాని మీద పడవు. పాత్ పొట్టిగా పెట్టండి, విండోస్‌లో చాలా ప్రోగ్రాములకి పూర్తి పాత్ 260 అక్షరాలు దాటకూడదనే పాత పరిమితి ఇంకా వర్తిస్తుంది, పాడ్‌కాస్ట్ పేరు పొడవు, ఎపిసోడ్ పేరు ఇంకా పొడవు, మన ఫోల్డర్లు నాలుగు మెట్లు లోపలుంటే దగ్గరకొచ్చేస్తుంది. ఫోల్డర్ పేరులో పెద్దబడి చిన్నబడి అక్షరాలు రెండు వైపులా ఒకేలా ఉండాలి, ఇది చిన్నదిగా కనపడుతుంది గానీ లైనక్స్ చిన్న పీ, పెద్ద పీ వేరు అనుకుని ఒకే పార్టిషన్‌లో రెండు ఫోల్డర్లు చేస్తుంది, విండోస్ ఆ రెంటినీ చూపిస్తూనే ఏదో ఒకటే తెరుస్తుంది. పార్టిషన్ మీద విండోస్ ఎన్‌క్రిప్షన్ బిట్‌లాకర్ ఉంటే లైనక్స్ నేరుగా మౌంట్ చెయ్యలేదు, క్రిప్ట్‌సెటప్ అనే టూల్ 2.3 నుంచి దాన్ని తెరవగలదు గానీ పాడ్‌కాస్ట్‌ల పార్టిషన్‌కి బిట్‌లాకర్ తీసెయ్యడమే సుఖం.

పాతవి తరలించడం అంటే రెండు డేటాబేస్‌లు కలపడం కాదు, అలా కలిపే సదుపాయం లేదు. ఏ వైపు ఎక్కువ సరుకు ఉందో ఆ వైపు ఫోల్డర్ మొత్తం, జీపాడర్ మూసేసి, డేటాబేస్, సెట్టింగ్స్, డౌన్‌లోడ్స్ అన్నీ కలిపి కాపీ చెయ్యండి. రెండో వైపు ఉన్న పాడ్‌కాస్ట్‌ల లిస్టుని ఓపీఎంఎల్ (చందాల లిస్టు ఫైలు) గా ఎక్స్‌పోర్ట్ చేసి ఇటు ఇంపోర్ట్ చేసుకుంటే చందాలు వచ్చేస్తాయి, విన్నవి విననివి లెక్క మాత్రం రాదు. పాత ఫోల్డర్ వెంటనే తీసెయ్యకుండా పేరు మార్చి కొన్నాళ్ళు ఉంచండి. సగం దిగిన ఎపిసోడ్లు పార్షియల్ అనే తోకతో ఉంటాయి, అవి కూడా కాపీ అయితే అవతల వైపు వెళ్ళి మిగతా సగం దించుకోవచ్చు, ఇది నాకు చాలా నచ్చిన విషయం, పెద్ద ఎపిసోడ్ దిగుతుండగా ఓఎస్ మారాల్సి వచ్చినా దిగింది వృథా పోదు.

సెట్టింగ్స్ ఫైలు కూడా ఉమ్మడి అవుతుంది కాబట్టి రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి ప్లేయర్, లైనక్స్‌లో ఫలానా ప్లేయర్ కమాండ్ అని పెడితే విండోస్‌లో ఆ పేరుతో అది దొరక్కపోవచ్చు, అందుకే ఆడియో, వీడియో రెండిటికీ డిఫాల్ట్ అప్లికేషన్ అని వదిలెయ్యండి, ఏ ఓఎస్‌లో ఉంటే ఆ ఓఎస్ తన ప్లేయర్ తీసుకుంటుంది. రెండోది ఎంపీ3 ప్లేయర్‌కో ఫోన్‌కో సింక్ చేసే ఫోల్డర్, అది ఒక వైపు డ్రైవ్ లెటర్, ఇంకో వైపు మీడియా పాత్, రెండూ ఒకే గడిలో పట్టవు, కాబట్టి సింక్ ఒక ఓఎస్ నుంచే చెయ్యాలని నిర్ణయించుకోండి. నేను లైనక్స్ నుంచే చేస్తా. అలాగే రెండు వైపులా వెర్షన్ ఒకటే ఉంచుకోవాలి, కొత్త వెర్షన్ డేటాబేస్ నిర్మాణం మారిస్తే పాత వెర్షన్ దాన్ని సరిగ్గా చదువుతుందన్న నమ్మకం లేదు, డిస్ట్రో రిపాజిటరీల్లో పాతది ఉండటం మామూలే. అప్‌డేట్ ముందు డేటాబేస్ ఫైలు ఒక్కటి పక్కన కాపీ పెట్టుకుంటే చాలు, ఆడియోతో పోలిస్తే అది చాలా చిన్నది.

ఇంత చేసినా రానిది ఒకటుంది, ఎపిసోడ్ మధ్యలో ఆపిన చోటు. చాలా ప్లేయర్లు దాన్ని తమ దగ్గరే, ఆ ఓఎస్‌లోనే దాచుకుంటాయి, విండోస్‌లో ఇరవయ్యో నిమిషం దగ్గర ఆపితే లైనక్స్‌లో మొదటినుంచే మొదలవుతుంది. పొడవాటి ఇంటర్వ్యూలు వినేవాళ్ళకి ఇది నిజంగా ఇబ్బంది. నేను గంట దాటిన ఎపిసోడ్‌లని మొదలుపెట్టిన ఓఎస్‌లోనే పూర్తి చేస్తా, అరగంట లోపువి ఎటైనా వింటా.